ఉన్న డబ్బాని లేదన్న డేటాబేసు

మన వృత్తిలో భయపడాల్సిన మాటలు కొన్నున్నాయి. నా మటుకు వాటిల్లో మొదటిది "ఏముంది, అప్‌డేటే కదా!" అన్నది. ఈ మాట నేను చాలాసార్లు అన్నాను. ఒకసారి మాత్రం కాగితం మీద రాసి సంతకం కూడా పెట్టాను. ఈ టపా ఆ సంతకం గురించే. కాకపోతే అది అర్థం కావాలంటే ముందు కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. కాస్త ఓపిక పట్టండి.

2020 జనవరి సంగతి. నేను పనిచేసే చోట, మందులు పంపిణీ చేసే ఒక సంస్థకి స్టాకు లెక్కల సాఫ్ట్‌వేరు నడిపేవాళ్ళం. పేర్లు అనవసరం. డేటాబేసు పోస్ట్‌గ్రెస్ 11, అది కూర్చున్న లినక్సు డెబియన్ 9. లినక్సు పాతబడుతోంది కాబట్టి డెబియన్ 10కి మారదామనుకున్నాం. డేటాబేసు వెర్షను ముట్టుకోం, అదే 11 ఉంటుంది. కొత్త మెషీనులో డేటా నకలు ఎప్పటికప్పుడు పాతదాని వెంటే నడిచేలా పెట్టి (అదే, స్ట్రీమింగ్ రెప్లికేషన్), ఆదివారం తెల్లవారుజామున పాతదాన్ని ఆపి కొత్తదాన్ని గద్దెనెక్కించాం. ఐదు నిమిషాల్లో అయిపోయింది. ఒక్క ఎర్రరు లేదు. ఇంటికెళ్ళి ఇడ్లీ తిని పడుకున్నాను. మార్పు అనుమతి ఫారంలో 'ప్రమాదం' అని ఒక గడి ఉంటుంది. అందులో 'తక్కువ' అని రాసింది నేనే.

మంగళవారం ఒక మందు బ్యాచి నాణ్యత పరీక్షలో ఫెయిలైందనీ, వెనక్కి పంపెయ్యాలనీ తయారీదారు నుంచి కబురొచ్చింది. అన్ని గోడౌన్లలోనూ బ్యాచి నంబరు కొట్టి చూశారు. మా సాఫ్ట్‌వేరు 'స్టాకు లేదు' అంది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఓ గంట తర్వాత విజయవాడ గోడౌను నుంచి ఫోను. స్టాకు చూసే ఆయన, రిటైరవడానికి దగ్గరగా ఉన్న మనిషి. "బాబూ, మీ కంప్యూటరు లేదంటోంది. నా ముందు మూడు పెట్టెలున్నాయి. దేన్ని నమ్మమంటారు?"

నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు ఎక్కడుందో వెతుక్కుంటూ పోతేనే ఈ చరిత్ర తగిలింది.

మామూలు ప్రోగ్రాముకీ డేటాబేసుకీ అప్‌డేటు విషయంలో ఒక తేడా ఉంది. బ్రౌజరు పాతది తీసేసి కొత్తది పెట్టుకుంటే కథ ముగిసినట్టే. డేటాబేసులో ప్రోగ్రాము పోయినా దాని వెనకాల డిస్కు మీద డేటా ఉండిపోతుంది. ఆ డేటాని పాత ప్రోగ్రాము తనకి అర్థమయ్యే పద్ధతిలో పేర్చి పెట్టింది. కొత్తదానికి ఆ పేర్పు అర్థం కావాలి. అంటే పాత వెర్షనుకీ కొత్త వెర్షనుకీ మధ్య ఒక ఒప్పందం ఉండాలి. డేటాబేసు అప్‌డేట్ల చరిత్ర అంతా నాకు ఈ ఒప్పందాన్ని ఎవరు ఎప్పుడు రాశారు, అందులో ఏ షరతు రాయడం మర్చిపోయారు అన్న చరిత్రలాగే కనిపిస్తుంది.

మొదట్లో అసలు ఒప్పందమే లేదు. 1970లో కాడ్ రిలేషనల్ మోడల్ పేపరు రాశాక, కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్, యూజీన్ వాంగ్ కలిసి ఇంగ్రెస్ అనే డేటాబేసు మొదలుపెట్టారు. దాని తర్వాతది కాబట్టి 'పోస్ట్ ఇంగ్రెస్', అదే పోస్ట్‌గ్రెస్. ఆ ప్రాజెక్టు 1986లో మొదలైంది. మొదటి వెర్షను 1989 జూన్‌లో కొద్దిమంది బయటివాళ్ళకి ఇచ్చారు. ఏడాదికల్లా రూల్స్ వ్యవస్థ మళ్ళీ మొదట్నుంచీ రాసి 1990లో రెండో వెర్షను వదిలారు. యూనివర్సిటీలో అది తప్పేం కాదు. వాళ్ళ పని పరిశోధన, పేపర్లు రాయడం. నిన్నటి డేటా రేపటి వెర్షనులో తెరుచుకోవాలని వాళ్ళు ఎవరికీ మాటివ్వలేదు.

కానీ జనం వాడటం మొదలుపెట్టారు. 1993 ఒక్క ఏడాదిలోనే బయట వాడేవాళ్ళ సంఖ్య దాదాపు రెట్టింపయ్యింది. వాళ్ళ సందేహాలు తీర్చడం, కోడు బాగుచెయ్యడం పరిశోధన సమయాన్ని తినేస్తున్నాయని బర్కిలీ వాళ్ళు 4.2తో ప్రాజెక్టు మూసేశారు! వాడేవాళ్ళు లేక మూతపడిన సాఫ్ట్‌వేరు బోలెడంత చూశాం. వాడేవాళ్ళు ఎక్కువై మూతపడింది ఇదే కాబోలు :)

1994లో అక్కడి విద్యార్థులే ఆండ్రూ యూ, జాలీ చెన్ దానికి ఎస్‌క్యూఎల్ తగిలించి పోస్ట్‌గ్రెస్95గా బయటపెట్టారు. 1996లో పేరు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అయ్యింది. బర్కిలీ లెక్కని కొనసాగిస్తూ 1997 జనవరిలో 6.0 వచ్చింది. అప్పటికి దాన్ని నడిపేది ఇంటర్నెట్‌లో కలుసుకున్న కొద్దిమంది స్వచ్ఛంద కార్యకర్తలు. పరిశోధన కోసం పుట్టిన పిల్లని పెంచుకున్నారు గానీ, జనం అందులో నిజం లెక్కలు దాచుకోవడం మొదలయ్యాక ఒప్పందం రాయక తప్పలేదు.

ఆ మొదటి ఒప్పందం చాలా సూటిగా ఉండేది. చిన్న వెర్షను మారితే (అప్పటి లెక్కలో మూడో అంకె, ఉదాహరణకి 8.1.3 నుంచి 8.1.4) డిస్కు మీద పేర్పు మారదు. ప్రోగ్రాము మార్చి సర్వరు ఆపి మళ్ళీ మొదలెడితే చాలు. పెద్ద వెర్షను మారితే (7.4 నుంచి 8.0) మాత్రం పేర్పు మారొచ్చు. మీ డేటా మొత్తం ఎస్‌క్యూఎల్ వాక్యాలుగా బయటికి దింపుకోండి, కొత్తదాంట్లోకి మళ్ళీ ఎక్కించుకోండి. పీజీ_డంప్ ఉన్నది అందుకే. ఇల్లు మారడం లాంటిదన్నమాట. ప్రతి గిన్నె కడిగి, కాగితం చుట్టి, లారీ ఎక్కించి, కొత్తింట్లో మళ్ళీ అలమర సర్దుకోవాలి. ఇండెక్సులన్నీ మళ్ళీ మొదట్నుంచీ కట్టాలి. డేటా కొద్దిగా ఉంటే సరదాగానే ఉంటుంది. వందల గిగాబైట్లుంటే ఆ వారాంతం మీది కాదు.

ఇక్కడే లినక్సు కథలోకి వస్తుంది. పాత పంపిణీల్లో ప్యాకేజీ మేనేజరుకి ఒకే సంగతి తెలుసు: పాతది తీసెయ్, కొత్తది పెట్టు. ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం అప్‌గ్రేడు చేసినప్పుడు డేటాబేసు ప్రోగ్రాము కూడా కొత్త పెద్ద వెర్షనుకి మారిపోయేది. డేటా డైరెక్టరీలో పీజీ_వెర్షన్ అని ఓ బుల్లి ఫైలుంటుంది, ఈ డేటాని పేర్చింది ఏ వెర్షనో అందులో ఉంటుంది. కొత్త ప్రోగ్రాము అది చూసి, ఈ డేటా నాది కాదని మొహం మీదే చెప్పి ఆగిపోయేది. సరే, పాతదాంతో దింపుకుందామంటే పాత ప్రోగ్రాము చెరిగిపోయింది. పెట్టె ఉంది, డబ్బుంది, తాళంచెవే లేదు.

దీనికి డెబియన్ వాళ్ళు మంచి పరిష్కారం కనిపెట్టారు. ఒకే మెషీనులో రెండు పెద్ద వెర్షన్లు పక్కపక్కనే బతకనియ్యడం. మార్టిన్ పిట్ అనే డెవలపరు ఈ ఏర్పాటుకి మూలపురుషుడు. 2007లో వచ్చిన డెబియన్ ఎచ్‌లో 7.4, 8.1 రెండూ విడివిడి ప్యాకేజీలుగా ఉండేవి. ప్రోగ్రాములు వెర్షను పేరుతో విడి డైరెక్టరీల్లో, డేటా కూడా అలాగే. పీజీ_అప్‌గ్రేడ్‌క్లస్టర్ అన్న ఒక్క ఆదేశంతో పాతదాన్నుంచి కొత్తదానికి మారొచ్చు, పాతది అక్కడే చెక్కు చెదరకుండా ఉంటుంది. చూడటానికి చిన్న సర్దుబాటే, కానీ 'వెనక్కి దారి ఉంచుకో' అన్న షరతు ఒప్పందంలోకి వచ్చింది అలాంటి చోట్లే.

అయినా దింపుడూ ఎక్కింపుడూ తప్పలేదు. దాన్ని తప్పించే ఆలోచన కూడా పాతదే. 1990ల చివర్లోనే పీజీ_అప్‌గ్రేడ్ పేరుతో ఓ షెల్ స్క్రిప్టు ఉండేది, తర్వాత పక్కన పడిపోయింది. అందులోని గమనింపు మాత్రం గట్టిది. పెద్ద వెర్షను మారినప్పుడు నిజంగా మారేది సిస్టమ్ టేబుళ్ళు, అంటే డేటాబేసు తన గురించి తాను రాసుకునే చిట్టా. మనం దాచుకున్న వరుసలుండే ఫైళ్ళ పేర్పు చాలా అరుదుగా మారుతుంది. మరైతే చిట్టా ఒక్కటే కొత్తగా రాసి, పాత ఫైళ్ళని దానికి తగిలిస్తే పోలా? 2009లో 8.4 వచ్చినప్పుడు పీజీ_మైగ్రేటర్ అనే పనిముట్టు ఈ పని చేసి చూపించింది. బ్రూస్ మోమ్‌జియాన్ దాని వెంట పడి మెరుగుపరిచాడు. 2010లో 9.0తో పాటు అదే పీజీ_అప్‌గ్రేడ్ పేరుతో పోస్ట్‌గ్రెస్‌లో భాగమైంది. ఫైళ్ళు కాపీ చెయ్యకుండా హార్డ్ లింకులతో తగిలించే పద్ధతి వాడితే ఎంత పెద్ద డేటాబేసైనా నిమిషాల్లో కొత్త వెర్షనుకి వెళ్ళొచ్చు. (ఆ పద్ధతిలో కొత్త సర్వరు ఒక్కసారి మొదలయ్యాక పాతదానికి తిరిగి వెళ్ళలేం. లింకు వాడేముందు బ్యాకప్ తీసుకోండి, ఇది నా విన్నపం.)

దీని వెనకున్న కష్టం బయటికి కనపడదు. ఈ పనిముట్టు పనిచెయ్యాలంటే ఇకపై డిస్కు పేర్పుని ఇష్టమొచ్చినట్టు మార్చమని డెవలపర్లు తమ చేతులు తామే కట్టుకోవాలి. కట్టుకున్నారు. అప్పట్నుంచీ ప్రతి పెద్ద వెర్షనుకీ పీజీ_అప్‌గ్రేడ్ దారి తెరిచే ఉంది. 2017లో వచ్చిన 10తో వెర్షను లెక్క కూడా సులువైంది, మొదటి అంకె మారితేనే పెద్ద మార్పు. మిగిలిన చిక్కులు ఒక్కొక్కటే విప్పుకుంటూ వచ్చారు. ప్లానరు వాడే గణాంకాలు అప్‌గ్రేడులో పోయేవి, మళ్ళీ ఎనలైజ్ చేసేదాకా క్వెరీలు నత్తనడక నడిచేవి. 2025లో వచ్చిన 18 వెర్షను వాటిని కూడా వెంట తీసుకెళ్తుంది.

ఇలా చదువుకుంటూ పోతే ఒప్పందం పూర్తయినట్టే ఉంటుంది. 2020 జనవరిలో నేనూ అదే అనుకున్నాను. వెర్షనే మార్చట్లేదు, ఇంక ఒప్పందం ఎక్కడ చెడుతుంది?

ఎవరూ రాయని షరతు ఒకటి మిగిలిపోయింది. అది అక్షరాల వరుస.

ఇండెక్సు అంటే నిఘంటువు లాంటిది. నిఘంటువులో మాట వెతకడానికి మొదటి పేజీ నుంచి చదవం. మధ్యలో తెరిచి, మన మాట దీనికి ముందా వెనకా అని చూసి, సగం పుస్తకం వదిలేస్తాం. మళ్ళీ అందులో సగం. బీ-ట్రీ ఇండెక్సు చేసేది కూడా దాదాపు ఇదే. దీనికంతా ఆధారం 'ముందు, వెనక' అన్న తీర్పు. మామూలుగా పోస్ట్‌గ్రెస్ ఆ తీర్పు తాను చెప్పేది కాదు. లినక్సులోని జీలిబ్‌సీ అనే లైబ్రరీని అడిగేది. అది చెప్పిన వరుసలో ఇండెక్సు పేర్చి డిస్కు మీద రాసేది.

2018 ఆగస్టు 1న జీలిబ్‌సీ 2.28 వచ్చింది. అక్షరాల వరుసకి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 14651. జీలిబ్‌సీలో దాని పాత ప్రతి ఉండేది. 2.28లో కొత్త ప్రతికి తగ్గట్టు మార్చారు. మంచి పనే, ఎవరినీ తప్పుపట్టలేం. ఒక్క ఉదాహరణ చూడండి. '11', '1-1' అనే రెండు మాటల్ని అమెరికన్ ఇంగ్లీషు లొకేల్‌లో వరుస పెట్టమంటే పాత జీలిబ్‌సీ 11 ముందు, 1-1 తర్వాత పెట్టేది. కొత్తది 1-1 ముందు పెడుతుంది. అంతే తేడా. డెబియన్ 9లో పాత లైబ్రరీ, డెబియన్ 10లో 2.28. రెడ్‌హ్యాట్ వాళ్ళకీ ఇదే గీత 7కీ 8కీ మధ్య పడింది.

మా బ్యాచి నంబర్లలో హైఫన్లుండేవి. కొందరు తయారీదారులు పెడతారు, కొందరు పెట్టరు. పాత వరుసలో పేర్చిన ఇండెక్సుని మేము బైటు తేడా లేకుండా కొత్త మెషీనుకి నకలు చేశాం. అక్కడ కొత్త వరుస తెలిసిన లైబ్రరీ దాన్ని తెరిచింది. మధ్య పేజీ తెరిచి, 'నేను వెతికేది దీనికి ముందుండాలి' అనుకుని ముందు సగంలోకి వెళ్ళింది. మాట వెనక సగంలో ఉంది. లేదని చెప్పింది. అది అబద్ధమని దానికి తెలీదు. ఎర్రరు లేదు, లాగులో ఒక్క ముక్క లేదు.

దీని లోతు మన తెలుగువాళ్ళకి ఇంకా బాగా అర్థం కావాలి. చిన్నప్పుడు పలక మీద దిద్దిన వరుస గుర్తుందా? య ర ల వ శ ష స హ, ఆ తర్వాత ళ, క్ష, ఱ. యూనికోడులో చూడండి, ర పక్కనే ఱ, ల పక్కనే ళ, ఆ తర్వాతే వ. భారతీయ లిపులన్నిటికీ ఒకే అచ్చు ఉండాలని 1988 నాటి ఇస్కీలో పేర్చిన వరుసనే యూనికోడు తీసుకుంది. కాబట్టి 'కళ' ముందా, 'కవి' ముందా అని అడిగితే యూనికోడు సంఖ్యల లెక్కలో కళ ముందు, మన బడి వరుసలో కవి ముందు. రెండూ తప్పు కాదు. అక్షరాల వరుస అనేది మనుషులు కూర్చుని చేసుకున్న ఒడంబడిక, ఒడంబడికలు మారుతుంటాయి. మారకూడనిది ఏంటంటే, ఒక వరుసలో పేర్చినదాన్ని ఇంకో వరుసలో వెతకడం.

సరే, విజయవాడకి వద్దాం. ఆ మధ్యాహ్నం మా జూనియరు ఒకమ్మాయి ఇండెక్సు వాడకుండా టేబులు మొత్తం చదివించి చూసింది. వరుస దొరికింది. ఇండెక్సుతో వెతికితే సున్నా, ఇండెక్సు లేకుండా వెతికితే ఒకటి. "సార్, ఇదేంటి సార్?" అంది. కాళ్ళ కింద నేల కదిలినట్టనిపించడం అంటే ఏంటో నాకు ఆ రోజే తెలిసింది. రీఇండెక్స్ ఆదేశం ఇస్తే యూనిక్ ఇండెక్సుల దగ్గర ఆగిపోయింది. రెండు రోజుల్లో, 'ఇది లేదు' అనుకుని, ఉన్న బ్యాచీలనే మళ్ళీ కొత్తగా ఎక్కించుకుంది మరి. జంటల్ని ఒక్కొక్కటే చేత్తో కలిపాం, రాత్రి పన్నెండయ్యింది. ఈలోగా గోడౌన్లన్నిటికీ ఫోన్లు చేసి, కంప్యూటరు వదిలేసి అరలు చూడమన్నాం. విజయవాడలో మూడు పెట్టెలు అక్కడే దొరికాయి. ఇంకో ఊళ్ళో ఒక పెట్టె సోమవారమే మందుల షాపుకి వెళ్ళిపోయింది. తెప్పించారు. అందులో కొన్ని స్ట్రిప్పులు తక్కువున్నాయి. అవి ఎవరు కొన్నారో, ఎవరు వేసుకున్నారో నాకు ఈ రోజుకీ తెలీదు.

ఆ షరతు ఇప్పుడు ఒప్పందంలో ఉంది. ఇండెక్సు వరుస సరిగ్గా ఉందో లేదో పరీక్షించే ఎమ్‌చెక్, 2017 నాటి 10 వెర్షనులోనే ఉంది, మేం వాడలేదంతే. 2022లో వచ్చిన 15 నుంచి డేటాబేసు తాను ఏ వరుస వెర్షనుతో పుట్టిందో రాసుకుంటుంది, కింద లైబ్రరీ మారితే కనెక్టయిన వెంటనే హెచ్చరిస్తుంది. 2024 నాటి 17లో పోస్ట్‌గ్రెస్ తనలోనే ఒక వరుస పెట్టుకుంది. యూనికోడు సంఖ్యల వరుస అది, లినక్సు మారినా అది మారదు. అందులో కవి కంటే కళే ముందొస్తుంది, కానీ ఎప్పటికీ అలాగే వస్తుంది. వెతకడానికి ఆ వరుస చాలు. మనిషికి చూపించేటప్పుడు బడి వరుస కావాలంటే అప్పుడు విడిగా పెట్టుకోవచ్చు.

పాత వెర్షన్లు నడిపేవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు కాబట్టి చెప్తున్నా. లినక్సు పెద్ద వెర్షను మారుస్తున్నారంటే డేటాబేసుని కూడా మారుస్తున్నట్టే. ఫైళ్ళని నకలు చేసి తీసుకెళ్తే, టెక్స్టు మీదున్న ఇండెక్సులన్నీ జనాన్ని లోపలికి వదలకముందే మళ్ళీ కట్టండి. పీజీ_డంప్‌తో దింపి ఎక్కిస్తే ఈ బాధ లేదు, ఎందుకంటే ఇండెక్సు కొత్త వరుసలోనే పుడుతుంది. మేము తిట్టుకున్న ఆ లారీ పద్ధతిలో ఈ ప్రమాదం లేకపోవడమే విచిత్రం. ఐదు నిమిషాల్లో ఇల్లు మారిపోయామని మురిసిపోయాం గానీ, అలమర సర్దుకోవడం అనే పని ఎందుకుండేదో మర్చిపోయాం.

ఆ తర్వాత మార్పు ఫారాల్లో 'ప్రమాదం' గడిలో ఒక్క మాట రాసి ఊరుకోవడం మానేశాను. ఈ డేటా ఎవరెవరి మాట మీద నిలబడి ఉందో, అందులో ఈసారి ఎవరి మాట మారుతోందో రాస్తున్నాను. ఒక్కోసారి గడి చాలదు, వెనక పేజీ కూడా పడుతుంది. మా మేనేజరు విసుక్కుంటాడు. విసుక్కోనీ.

ఆ గోడౌను పెద్దాయన తర్వాత రిటైరయ్యారు. వెళ్ళేముందు ఓసారి ఫోనులో ఆయన ప్రశ్నకి జవాబు చెప్పాను. "ఈసారి అలాంటిది జరిగితే మీ కళ్ళని నమ్మండి, మాకు మాత్రం వెంటనే ఫోను చెయ్యండి" అని. నవ్వి, "ఆ రోజు నేను చేసిందీ అదే కదా బాబూ" అన్నారు.